నలభై నాలుగో చెట్టు

ఒక చెట్టు గురించి నేను ఇప్పటికి పదిహేడు ఉత్తరాలు రాశాను. కౌన్సిల్ ఆఫీసుకు తొమ్మిది, కరెంటు తీగల కింద పొదలు కొట్టించేవాళ్ళకు ఐదు, మొక్కల నమూనాలు భద్రపరిచే సర్కారు ఆఫీసుకు మూడు. పద్నాలుగింటికి "మీ ఉత్తరం అందింది" అని జవాబొచ్చింది. అందిందని నాకూ తెలుసు, పంపింది నేనే కాబట్టి. మిగిలిన మూడింటికి ఆ మాట కూడా లేదు. ఆ మూడూ ఏవో, ఏ తారీఖున పంపానో నా ఫైల్లో ఉంది.

వదిలెయ్ అని అందరూ చెబుతారు. నేను వదిలే రకం కాదు. యూనిలో ఒక అసైన్‌మెంటుకు అరమార్కు కోసిన ట్యూటరు ఇంటిపేరు నాకిప్పటికీ గుర్తుంది. స్నేహితుడి పెళ్ళిలో నా విస్తరి దాటించి పెరుగు వడ్డించినవాడి మొహం గుర్తుంది. నన్ను పట్టించుకోనివాళ్ళందరికీ నా దగ్గర తలా ఒక పేజీ ఉంది. అందులో మొదటి పేజీ ఒక అంకుల్‌ది.

ఆయన పేరు రాయను. ఆయన నా పేరు ఒక్కసారి కూడా పలకలేదు, అందుకు బదులు అనుకోండి. ఈ మధ్యనే పోయారు. నా స్నేహితుడు సురేష్ ఫోను చేసి చెప్పినప్పుడు, ఇక నాకు జవాబెవరిస్తారు అనే ఆలోచన ముందొచ్చింది. బాధ దాని వెనకాల వచ్చింది. వరస అలా ఉన్నందుకు సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

అప్పట్లో నేను సిడ్నీలో చదువుకుంటున్నాను. గిరావీన్‌లో ఒక అద్దె ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్ళం, అందులో సురేష్ ఒకడు. శనివారాలు నాకు రియల్ ఎస్టేట్ బోర్డులు పాతే పని. ద పాండ్స్ అనే పేటలోనూ, దానికి ఉత్తరాన గుట్టల మీదా కొత్త ఇళ్ళు లేస్తున్న రోజులవి. ఇల్లు చూడటానికి రమ్మని పిలిచే బోర్డులు పొద్దున వీధి మలుపుల్లో పాతి, మధ్యాహ్నం పీక్కురావాలి. జనం బోర్డు చూసేవాళ్ళు గానీ దాన్ని పాతేవాణ్ణి చూసేవాళ్ళు కాదు. అది వేరే ఫిర్యాదు.

ఆ ఏడు ఉగాదికి ఇంట్లో పనులు పంచుకున్నాం. సురేష్‌కి పులిహోర, ఇంకొకడికి పచ్చడి, నాకు తోరణం. వంట చేతకానివాడికి ఇచ్చే పని అదని నాకు తెలియదనుకున్నారు. ముందురోజు ఇండియన్ షాపుకి వెళ్తే, నా ముందున్న ఆవిడ చివరి రెండు మామిడాకుల కట్టలూ తీసేసుకుంది. ఒకటి నాకివ్వమని మర్యాదగానే అడిగాను. మా ఇంటికి రెండు గుమ్మాలున్నాయి బాబూ అంది. ఆవిడకీ ఒక పేజీ ఉంది.

ఆ మధ్యాహ్నం బోర్డులు పీకుతూ పోతే, రోడ్డు ఆఖర్న హైటెన్షన్ తీగలు కనిపించాయి. వాటి కింద పొదలు కొట్టేసిన పొడుగాటి పట్టీ. ఆ పట్టీ అంచున నా ఎత్తు చెట్టొకటి, మామిడాకు కాస్త వంకర తిరిగినట్టుండే ఆకులు, వాటి మధ్య చిన్న చిన్న మొగ్గల గుత్తులు. నేను ఒంగోలు దగ్గర పుట్టినవాణ్ణి. చూడగానే జామాయిల్ జాతిదని పోల్చుకున్నాను. మా వైపు జామాయిల్ అంటే ఎకరాలకెకరాలు. నాలుగేళ్ళకోసారి కొట్టి కాగితం మిల్లుకి లారీల్లో తోలేస్తారు, మొద్దుల్లోంచి అదే మళ్ళీ లేస్తుంది. జామాయిల్ కొమ్మ విరవడానికి మా ఊళ్ళో ఎవరూ ఎవర్నీ అడగరు. అడిగితే వింతగా చూస్తారు.

నేనూ అడగలేదు. ఇరవై ఒక్క ఆకులు కోశాను. మొగ్గలు అందంగా ఉన్నాయని, ఉన్న గుత్తులన్నీ కోశాను. ఆకుల మధ్యలో గుత్తులు వేలాడేటట్టు దారానికి గుచ్చి కట్టాను. తోరణం బాగుందని ఇంట్లో ఐదుగురూ అన్నారు. అడక్కుండా నన్ను ఐదుగురు మెచ్చుకున్నది జీవితంలో అదొక్కసారే. ఆ ఆనందం మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంది.

మర్నాడు అంకుల్ వచ్చారు. ఆయన సురేష్ వాళ్ళ నాన్నకి స్నేహితుడు, ఒంగోలు వైపువారే. ద పాండ్స్‌లో ఇల్లు, ఆస్పత్రి లాండ్రీలో ఉద్యోగం. ఆదివారం పొద్దున చర్చి, చర్చి అయ్యాక అడవి. ఆ రెండో సంగతి మాకప్పటికి తెలియదు. పండగ భోజనానికి సురేష్ పిలిస్తే స్వీటు డబ్బా పట్టుకుని వచ్చి, గుమ్మంలో ఆగిపోయారు. బూట్లు విప్పడానికి ఆగారనుకున్నాం. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, తోరణంలో ఒక ఆకుని రెండు వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశారు.

"ఎవరు కోశారయ్యా ఇది?"

నేనే అన్నాను, ఆరో మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ.

"యాడ?"

చెప్పాను. జామాయిలే కదంకుల్, మన ఊళ్ళో లారీలకెత్తట్లేదా అని కూడా అన్నాను.

"నేనూ కుర్రప్పుడు జామాయిల్ కొట్టినోణ్ణేలే. అన్నీ అదే అనుకుంటే ఎట్టా? ఒక జాతి ఉంది. ఈ గుట్టల మీద తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. ఇది అదేనేమోనని నా అనుమానం." ఆకు వదిలి నా వైపు తిరిగారు. "ఎన్నాకులు గుచ్చావు?"

"ఇరవై ఒకటి."

"అయితే ఇరవై ఒక్క ఆదివారాలు. సండే అర్వో, అదే మధ్యాహ్నం, ఖాళీయేగా నువ్వు?"

ఖాళీ లేదనడానికి నేను నోరు తెరిచేలోగా సురేష్, వాడు ఎప్పుడూ ఖాళీయే అంకుల్ అన్నాడు. అది సురేష్ పేజీలో ఉంది. అంకుల్ పచ్చడి రెండుసార్లు వేయించుకుని తిని, వెళ్తూ వెళ్తూ, "వస్తా తోరణం, ఆదివారం రెండింటికి" అన్నారు. అంతే, ఆరోజు నుంచి నా పేరు తోరణం. నా పేరు ఫలానా అని నాలుగైదు సార్లు గుర్తుచేశాను. మంచి పేరయ్యా అనేవారు, తోరణం అనే పిలిచేవారు.

ఆయన కారు డిక్కీలో బట్టలుతికే బ్రష్షు, స్పిరిట్ సీసా ఉండేవి. అడవి మొదట్లో కారాపి, బూట్లు విప్పించి, అడుగులు తోమించి, స్పిరిట్ కొట్టేవారు. మట్టిలో ఉండే తెగులు బూట్లకంటుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి వస్తుందట, వేళ్ళు కుళ్ళిపోతాయట. నావి కొత్త బూట్లు. స్పిరిట్‌కి రంగు పోయింది. ఆ మాటంటే, "ఇంట్లోకొచ్చే ముందు కాళ్ళు కడుక్కోవా?" అన్నారు. ఇరవై ఒక్క ఆదివారాలూ ఆ మాట అన్నారు, నేను నోరెత్తకపోయినా సరే.

లోకంలో ఇంకెక్కడా లేని చెట్టంటే నేను ఏదో ఊహించుకున్నాను. గుట్ట మీద బల్లపరుపుగా ఉన్న రాతినేల, పైన తెల్లటి ఇసక, నడుమెత్తు పొదలు. వాటి మధ్య, ఎప్పుడో నిప్పంటుకుని మొదళ్ళు నల్లబడి, కొబ్బరి పీచులాంటి బెరడుతో, నిటారుగా నిలబడటం చేతకాని చెట్లు కొన్ని. ఇవేనా అన్నాను. ఇవే అన్నారు. శాస్త్రజ్ఞులు అప్పటికి దానికి సొంత పేరు కూడా పెట్టలేదట, దొరికిన చోటు పేరుతోనే పిలుస్తున్నారట. పక్కనుంచి వెళ్ళేవాళ్ళు పొద అనుకుని పోతారట. దాని మీద నాకు మొదటిసారి అభిమానం కలిగింది అప్పుడే. పేరుపెట్టి ఎవరూ పిలవకుండా బతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా పని పిచ్చిమొక్కలు పీకడం, జనం తెచ్చి పోసిన తోట చెత్త ఎత్తడం, చెట్లు లెక్కపెట్టడం. ఒక్కో చెట్టుకీ అంకెవేసిన అల్యూమినియం బిళ్ళ వేలాడుతూ ఉండేది. ఆయన పెన్సిలు చెవి మీద, నోటుపుస్తకం చంకలో. మొదటి వారం బిళ్ళలు చూడకుండా నన్ను లెక్కపెట్టమన్నారు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చి తొంభై ఆరు అని చెప్పాను. నవ్వలేదు.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఆరుగురం."

"మరి ఆరిళ్ళు అంటావా దాన్ని?"

ఇసక పక్కకి తోసి చూపించారు. నేలలో చెక్కలా గట్టిపడ్డ పెద్ద దుంప, దాంట్లోంచి నాలుగైదు మానులు. నిప్పంటుకున్నా, కొట్టేసినా, ఆ దుంప బతికుంటే చెట్టు బతికున్నట్టేనట. నేను మానులు లెక్కపెట్టాను. చెట్లు నలభై మూడు.

నేను తోరణం కోసిన చెట్టు ఆ నలభై మూడింటిలో లేదు. అది కంచె బయట, తీగల కింద పట్టీలో ఉంది. రెండో వారం తీసుకెళ్ళి చూపించాను. నిజం చెప్పాలంటే అప్పటికి నా ఆలోచన మారిపోయింది. నేను నేరం చేయలేదు, కొత్త చెట్టు కనిపెట్టాను. నలభై నాలుగోది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, దుంప తడిమి, బెరడు గోటితో మీటి, కొమ్మలన్నీ వెతికారు.

"మొగ్గలేవి?"

ఇలాంటి ఆకూ బెరడూ ఉన్న మామూలు జాతి ఒకటి అదే గుట్ట మీద పెరుగుతుందట. రెంటికీ తేడా మొగ్గ మీది టోపీలాంటి మూతలోనూ కాయ మూతిలోనూ తప్ప తెలియదట. ఆ మొగ్గలన్నీ నేను మా గుమ్మానికి కట్టాను. పండగైన మూడో రోజే సురేష్ ఆ తోరణాన్ని ఆకుపచ్చ మూత చెత్తడబ్బాలో పడేశాడు, మంగళవారం లారీ వచ్చి ఎత్తుకుపోయింది. నా చెట్టు ఫలానా అని సాక్ష్యం చెప్పగలిగింది ఆ మొగ్గలొక్కటే. వాటిని నా చేత్తో నేనే దారానికి గుచ్చాను.

పట్టీలో ఉన్న చెట్టుకి బిళ్ళ లేకపోతే ఏమవుతుందో ఆయనే చెప్పారు. కొన్నేళ్ళకోసారి యంత్రం వస్తుంది. బిళ్ళ ఉన్నదాన్ని వదిలి పక్కనుంచి పోతుంది, లేనిదాన్ని నేలమట్టం చేస్తుంది. ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు దుంప లేవగలదా అంటే, ఎవరైనా ఎన్నిసార్లని లేస్తారు అన్నారు.

అందుకే ఇరవై ఒకటో ఆదివారం నేనే బిళ్ళ చేసుకుని తీసుకెళ్ళాను. కూల్‌డ్రింకు డబ్బా కత్తిరించి, మేకుతో 44 అని చెక్కి, తీగ కట్టాను. నాలుగులో ఒకటి కాస్త పక్కకి పడింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని రెండువైపులా చూశారు.

"బాగా చేశావు. మొగ్గ చూపించు, అప్పుడు కడదాం."

"మొగ్గ ఇంకో రెండేళ్ళకైనా రాదేమో అంకుల్. ఈలోగా కొట్టేస్తే?"

"తెలియనిదాన్ని తెలుసని రాస్తే, రేపు తెలిసినవాటిని కూడా ఎవడూ నమ్మడు. ఆ నలభై మూడూ పోతాయి." బిళ్ళని చొక్కా జేబులో వేసుకున్నారు. "చూద్దాంలే తోరణం."

చూద్దాం అంటే మన భాషలో ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నా బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు, నన్ను జేబులో వేసుకున్నట్టు. ఇరవై ఒక్క ఆకుల అప్పు తీరిపోయింది కాబట్టి మళ్ళీ ఆదివారం నేను వెళ్ళలేదు. రమ్మని ఆయనా అనలేదు. ఆ వారమే మొదటి ఉత్తరం రాశాను.

తరవాత నాకు వేరే రాష్ట్రంలో, టూవూంబాలో ఉద్యోగం దొరికింది, అక్కడే ఉండిపోయాను. ఏడాదికి ఒకటో రెండో ఉత్తరాలు. నా చెట్టుని లెక్కలోకి తీసుకోవాలని, ఒక పెద్దమనిషి మొండితనం వల్ల దానికి అన్యాయం జరుగుతోందని. మధ్యలో పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ నాలుగుసార్లు సిడ్నీ వెళ్ళాను. ఒక గృహప్రవేశం ద పాండ్స్‌లోనే, చెట్టు అక్కడికి కారులో ఇరవై నిమిషాలు. వెళ్ళలేదు. ఆ ఇంటాయన లాప్‌టాప్ అడిగి తీసుకుని, వ్రతం జరుగుతుండగా పక్క గదిలో కూర్చుని పన్నెండో ఉత్తరం రాశాను. అది చాలా బాగా వచ్చింది.

మొన్నటి ఉగాదినాడు ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అన్నేళ్ళలో మొదటిసారి. ఫోను మోగుతుంటే పేరు చూస్తూ కూర్చున్నాను. జవాబు రాకపోతే ఎలా ఉంటుందో ఆయనకీ ఒక రోజు తెలియాలి అనుకున్నాను. ఆ రాత్రి ఆయన పేజీలో రాసుకున్నాను కూడా: రెండుసార్లు చేశాడు, ఎత్తలేదు. కాస్త గర్వంగానే రాసినట్టున్నాను, అక్షరాలు పెద్దవిగా పడ్డాయి.

పోయారని తెలిసిన వారం తరవాత వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు వాళ్ళమ్మాయి తీసింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. నేను నా పేరు చెప్పాను, సురేష్ స్నేహితుణ్ణని చెప్పాను, ఒకప్పుడు మీ నాన్నగారితో ఆదివారాలు వెళ్ళేవాణ్ణని చెప్పాను. ఆ పిల్ల మొహంలో ఏ గుర్తూ లేదు. చివరికి వేరే దారిలేక, నన్ను తోరణం అనేవారు అన్నాను.

"ఓ, యూ ఆర్ తోరణం?" అంది. "డాడ్ టాక్డ్ అబౌట్ యూ ఆల్ ద టైమ్."

లోపలికెళ్ళి నోటుపుస్తకం తెచ్చిచ్చింది. నాన్న రాసింది తను చదవలేదట, ఎవరికివ్వాలో తెలియక ఉంచిందట. ఆ గుట్ట మీద బండపై కూర్చుని చదివితే బాగుండేదేమో, నేను కారులో, ఇంజను ఆపకుండా చదివాను. పేజీకో చెట్టు, నలభై మూడు పేజీలు. నలభై నాలుగో పేజీ మీద అంకె లేదు. "తోరణం చెట్టు" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. దాని కింద పెన్సిలుతో ఏడాదికొక వరస, ప్రతి ఉగాదికీ.

మొగ్గల్లేవు. మొగ్గల్లేవు. కొట్టేశారు, దుంప బతికే ఉంది. చిగురు మోకాలెత్తు. నడుమెత్తు. మొగ్గల్లేవు. మళ్ళీ కొట్టేశారు. దుంప బతికే ఉంది. చిగురు. మొగ్గల్లేవు. మొగ్గల్లేవు. ఈ ఏడు కూడా లేవు.

ఆఖరి వరస కాస్త వణికింది. "మొగ్గలొచ్చాయి. తోరణానికి చెప్పాలి." దాని కింద, "ఫోనెత్తలేదు." ఇంకో వరస దిగువన, మళ్ళీ, "ఎత్తలేదు."

అట్ట లోపలివైపు నా బిళ్ళ టేపుతో అంటించి ఉంది. నాలుగులో ఒకటి పక్కకి పడ్డది.

నేను రాసిన ఉత్తరాలు పదిహేడు. చెట్టు దగ్గరికి వెళ్ళిన సార్లు, ఆ ఆదివారాల తరవాత, సున్నా. ఆయన ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. వెళ్ళి చూశారు, అంతే. నా ఫైల్లో ఎవరెవరు నన్ను పట్టించుకోలేదో అన్నీ ఉన్నాయి. ఇది మాత్రం లేదు.

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. దారిలో షాపులో ఆగి బ్రష్షు, స్పిరిట్ కొన్నాను. బూట్లు తోముకున్నాను. పక్కన కుక్కని తిప్పుతున్న ఒకావిడ నన్ను చూసి దారి మార్చుకుంది. పట్టించుకోలేదు. పట్టీ అంచున నా చెట్టు ఉంది, భుజాల దాకా లేచింది. మొగ్గలు విచ్చి, పూలు రాలి, పచ్చికాయలు పట్టాయి. పక్కన కరెంటు స్తంభానికి ప్లాస్టిక్ కవర్లో నోటీసు కట్టి ఉంది, వచ్చే నెలలో ఈ పట్టీ శుభ్రం చేస్తామని. కాయలకు మూతి వైపు నుంచి, పక్క నుంచి, కొలత తెలిసేలా ఐదు సెంట్ల నాణెం పక్కన పట్టుకుని ఫోటోలు తీశాను. ఒక్క ఆకు కూడా కోయలేదు. ఇది దయచేసి రికార్డులో రాసుకోవాలి.

మూడు ఆఫీసులవారూ, మీకు ఇది పద్దెనిమిదో ఉత్తరంగా కూడా వస్తుంది, ఫోటోలతో సహా. అంతకుముందు పదిహేడింటిలో ఒక పెద్దమనిషి మొండితనం గురించి రాసిన ముక్కలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోను. అందింది అని మాత్రం జవాబు రాయకండి. యంత్రం వచ్చే లోపల ఒక మనిషిని పంపండి. బూట్లు తోమడానికి బ్రష్షు నేను తెస్తాను. వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, కాయ మూతి చూసి, ఇది అదో కాదో చెప్పండి. కాదంటే కాదనే చెప్పండి, తెలియనిదాన్ని తెలుసని ఆ పుస్తకంలో రాయకూడదు. నలభై నాలుగో పేజీలో ఆఖరి వరస కింద ఒక వరసకి చోటుంది. బిళ్ళ నా జేబులో ఉంది, పెన్సిలు చెవి మీద ఉంది. చెప్పండి, ఏం రాయమంటారు?